డబ్బా పాలల్లో సీసం, ఆర్సెనిక్ ఉన్నాయంట, పట్టాలా మానాలా?

కవలల_తల్లి
పోయిన వారం మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక లిస్టు పంపింది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ వాళ్ళు 41 రకాల పాలపొడులు టెస్ట్ చేయించి 2025 మార్చిలో రిపోర్టు ఇచ్చారు కదా, దాదాపు సగం డబ్బాల్లో సీసమో ఆర్సెనిక్కో ఇంకోటో ఆలోచించాల్సినంత ఉందని, అది. మేం పట్టే డబ్బా కూడా ఉంది అందులో. మాకు కవలలు, మూడో నెల నడుస్తోంది, నెల ముందే పుట్టేశారు. నా పాలు ఇద్దరికీ చాలట్లేదు, రోజంతా పంప్ పెట్టుకుని కూర్చున్నా ఒక్కళ్ళకి సరిపోతాయి అంతే. మొన్న రాత్రి రెండింటికి డబ్బా మూత తీసి స్కూప్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కలపాలా వద్దా అని, లోపల ఇద్దరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు, మా ఆయన వచ్చి నా చేతిలోంచి తీసుకుని కలిపేశాడు. డాక్టర్ని అడిగితే అన్నీ సేఫే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత సేఫైతే ఆ లిస్టు ఎందుకొచ్చినట్టు? జెర్సీ సిటీలో ఉంటాం. ఎవరైనా దీని గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, నిద్ర పట్టట్లేదు.

అర్ధరాత్రి_డైపర్
కవలలంటే నిద్ర ఎలాగూ ఉండదు కదమ్మా 😄 సరదాకి అన్నా, ఏమనుకోకు. మాది కూడా అదే డబ్బా. ఫాలోయింగ్.

గోదారి_పిల్ల
డబ్బా పాలు ఆపేసి ఆవుపాలు పట్టండి, నీళ్ళు కలిపి పలచగా. మా ఊళ్ళో అందరం అలాగే పెరిగాం, ఏ సీసం లేదు ఏ గొడవా లేదు.

పాపాయి_నర్సు
గోదారి_పిల్ల గారూ దయచేసి ఆ సలహా ఇవ్వకండి. నేను మిషిగన్‌లో నెలలు నిండని పిల్లల వార్డులో పన్నెండేళ్ళుగా చేస్తున్నా. ఏడాది నిండకుండా ఆవుపాలు పడితే ఐరన్ చాలదు, మాంసకృత్తులు, ఉప్పు ఎక్కువై కిడ్నీల మీద బరువు పడుతుంది, కొంతమందికి పేగుల్లో కంటికి కనపడనంత రక్తం కూడా పోతుంది. మేకపాలు కూడా అంతే, వాటిల్లో ఫోలేట్ దాదాపు ఉండదు. (మేకపాలతో చేసిన ఫార్ములా డబ్బా వేరు, మేక దగ్గర పితికిన పాలు వేరు, కలిపేసుకోకండి.)
2022లో ఇక్కడ మా రాష్ట్రంలోనే ఒక ఫ్యాక్టరీ మూతపడి దేశమంతా డబ్బాలు దొరకలేదు చూడండి, అప్పుడు ఒకావిడ ఉన్న డబ్బాని ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ పోసి కలిపింది. బాబుకి సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చి మా దగ్గరికి తెచ్చారు. ఆ తల్లి ముఖం నాకిప్పటికీ గుర్తే. సీసం భయంతో డబ్బా మానేసినా, పలచన చేసినా ఆ ప్రమాదం రెండు మూడు రోజుల్లోనే వచ్చిపడుతుంది. కవలల_తల్లి, నువ్వు మాత్రం పాలు ఆపకు, తగ్గించకు. మిగతాది మెల్లగా మాట్లాడుకుందాం.

గోదారి_పిల్ల
సరే అండీ. మా పెద్దోళ్ళు పెట్టారు బతికాం అనే ఉద్దేశంతో చెప్పా.

బామ్మ_మాట
బతికినవాళ్ళమే చెప్పుకుంటాం అమ్మా. మా అత్తగారికి పదకొండు కాన్పులైతే ఆరుగురే మిగిలారు.

ల్యాబ్_కోటు
హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో లోహాల టెస్టులే నా పని, ఐసీపీ-ఎంఎస్ మిషన్ మీద. పొడిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, ప్లాస్మా మంటలోకి పంపితే లోపల ఏ లోహం ఎంతుందో చెబుతుంది. రెండు మూడు విషయాలు చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.
ముందు, లోహం అనగానే అన్నీ విషం కాదు. ఐరన్, జింక్, కాపర్, మాంగనీస్, సెలీనియం, ఇవి పొడిలో కావాలని కలుపుతారు, అవి లేకపోతేనే సమస్య. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, ఈ నాలుగూ ఎవరూ కలపరు, దొంగల్లా దూరతాయి. నేలలోంచి మొక్కకి, మొక్కలోంచి గొడ్డుకి, నీళ్ళలోంచి, పొడిలో కలిపే కాల్షియం ఐరన్ లవణాల్లోంచి, ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి. సోయా పొడుల్లో కాడ్మియం మామూలుగానే ఎక్కువ, అందుకే యూరప్‌లో సోయా పొడికి కాడ్మియం పరిమితి ఆవుపాల పొడికన్నా రెట్టింపు పెట్టారు. బియ్యంతో చేసినవాటికి ఆర్సెనిక్ బాధ.
ఇంక పీపీబీ అంటే కిలోకి ఒక మైక్రోగ్రాము. మిషన్లు ఇప్పుడు ఎంత సన్నగా చూస్తాయంటే ఏది పెట్టినా ఏదో ఒక అంకె వస్తుంది. నా చంటిదానికి నేను పిండి తెచ్చిన పాలే పెట్టి చూశా ఒకసారి, అందులో కూడా సీసం కనపడింది, చాలా కొంచెం. తల్లి ఎముకల్లో ఎప్పటిదో దాగి ఉంటుంది, పాలిచ్చేటప్పుడు కాల్షియంతో పాటు కొంత బయటికి వస్తుంది. కాబట్టి ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎంత, రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు అన్నదే.

లెక్కల_మాస్టారి_అబ్బాయి
కోటు గారు చెప్పిందానికి లెక్క నేను వేస్తా. పొడిలో సీసం 4 పీపీబీ అనుకుందాం. లీటరు పాలకి సుమారు 130 గ్రాముల పొడి. పాప రోజుకి 800 మిల్లీలీటర్లు తాగితే 104 గ్రాముల పొడి. అంటే రోజుకి 0.4 మైక్రోగ్రాము. అమెరికాలో ఆహారం, మందులు చూసే ఎఫ్‌డీఏ, పిల్లలకి తిండి ద్వారా వచ్చే సీసానికి పెట్టుకున్న లెక్క రోజుకి 2.2 మైక్రోగ్రాములు. అందులో ఐదో వంతు కూడా లేదు.
వార్తల్లో చేసే తప్పు ఇంకోటి ఉంది. పొడిలో ఆర్సెనిక్ 15 పీపీబీ అని రాసి పక్కనే తాగేనీళ్ళ పరిమితి 10 పీపీబీ అని రాస్తారు, చదివినోడు గుండె పట్టుకుంటాడు. పొడిని ఎవరూ పొడిగా తినరు కదా, కలిపాక 15 కాస్తా 2 అవుతుంది.

డల్లాస్_నాన్న
సూపర్ బ్రో. క్లోజ్ ద థ్రెడ్.

కవలల_తల్లి
క్లోజ్ చెయ్యకండి అన్నయ్యా. అదే 0.4ని కాలిఫోర్నియా ప్రాప్ 65 (హానికర రసాయనాలుంటే హెచ్చరిక రాయాలనే చట్టం) లెక్కలో చూస్తే రోజుకి 0.5 దాకానే, అంటే దాదాపు అంచుకి వచ్చినట్టే. నేను కూడా రాత్రంతా కూర్చుని చదివాను. ఒక లెక్కలో ఐదో వంతు, ఇంకో లెక్కలో ఐదింట నాలుగొంతులు, నేను ఏది నమ్మాలి? పైగా పెద్దోళ్ళం ఇడ్లీ తింటాం, పప్పు తింటాం, పది రకాలు. వీళ్ళకి పొద్దున్నుంచి రాత్రి దాకా అదొక్కటే తిండి, నాలుగున్నర కిలోల పిల్లలు.

ల్యాబ్_కోటు
చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. ప్రాప్ 65 అంకె వచ్చేది ఎలాగంటే, పిల్లలు పుట్టడానికి సంబంధించి హాని కనపడని మోతాదు తీసుకుని వెయ్యితో భాగిస్తారు, అది చట్టంలోనే ఉంది. ఎఫ్‌డీఏ వాళ్ళు రక్తంలో సీసం 3.5 (డెసిలీటరుకి మైక్రోగ్రాములు) చేరడానికి ఎంత తినాలో చూసి పదితో భాగించి 2.2 పెట్టారు. రెండూ జాగ్రత్త కోసం గీసిన గీతలే, ఒకటి ఇంకా ఇవతల గీశారు. గీత దాటితే ఆ రోజే జబ్బు చేస్తుందని కాదు. అలాగని గీత లోపలుంటే అమృతమనీ కాదు. 2010లో డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్ఏఓ నిపుణుల కమిటీ సీసానికి అప్పటిదాకా ఉన్న వారపు పరిమితిని ఎత్తేసింది, ఇంతవరకు పర్వాలేదని చెప్పే అంకె ఏదీ లేదని. పిల్లల మెదడు మీద ప్రభావానికి కింద హద్దు దొరకలేదు.

డల్లాస్_నాన్న
అంటే మళ్ళీ మొదటికి. సేఫ్ లెవెల్ లేదంటే తల్లికి ఏం చెప్తాం? గాలి పీల్చడం మానేయమందామా?

పాపాయి_నర్సు
తగ్గించగలిగిన చోట తగ్గించుకోమని చెప్తాం. అదేం చిన్న మాట కాదు.

సీతక్క_కూకట్‌పల్లి
నాకు కోపం వచ్చేది వేరే దగ్గర. తల్లులం మనం రాత్రుళ్ళు లెక్కలేసుకుంటున్నాం, ఆ లెక్క వెయ్యాల్సినవాళ్ళు ఏరి? అమెరికాలో ఎఫ్‌డీఏ 2020లో పిల్లల బియ్యం సీరియల్‌కి ఆర్సెనిక్ 100 పీపీబీ అంది, 2025 జనవరిలో కంపెనీలు తయారుచేసి అమ్మే పిల్లల తిండికి సీసం 10, 20 పీపీబీ అంది, కానీ అందులో ఫార్ములా లేదు! కాలిఫోర్నియాలో 2025 నుంచి కంపెనీలు పిల్లల తిండి టెస్టు ఫలితాలు బయటపెట్టాలన్న చట్టం వచ్చింది, అందులో కూడా ఫార్ములాని వదిలేశారు. పుట్టిన రోజు నుంచి తాగేదాన్నే వదిలేస్తే ఎట్లా? యూరప్‌లో పొడికి సీసం 20 పీపీబీ, ద్రవానికి 10 అని చట్టంలోనే రాసుకున్నారు. మన దగ్గర 1992 చట్టం ఉంది, డబ్బాకి యాడ్ వెయ్యకూడదు, తల్లిపాలే శ్రేష్ఠం అని రాయాలి, మంచిదే, కాదన్ను. కానీ డబ్బా తిప్పి చూడండి, విటమిన్లు మిల్లీగ్రాముతో సహా ఉంటాయి, ఈ బ్యాచ్‌లో సీసం ఎంత వచ్చిందో ఒక్క లైను ఉండదు. కంపెనీ దగ్గర ఆ కాగితం ఉంటుంది కదా కోటు గారూ?

ల్యాబ్_కోటు
పెద్ద కంపెనీల దగ్గర ఉంటుంది. అడిగితే కొన్ని పంపుతాయి. లాట్ నంబరు రాసి అడగండి, ఊరికే సేఫా అని అడిగితే సేఫే అంటారు. ఆ కన్స్యూమర్ రిపోర్ట్స్ రిపోర్టు వచ్చిన రోజే అమెరికా ప్రభుత్వం 'ఆపరేషన్ స్టార్క్ స్పీడ్' అని ప్రకటించింది, లోహాల టెస్టులు పెంచుతామని, పోషకాల ప్రమాణాలు మళ్ళీ చూస్తామని. అడిగేవాళ్ళు ఉంటేనే కదులుతుంది.

అర్ధరాత్రి_డైపర్
స్టార్క్ అంటే కొంగ కదా, వాళ్ళకి పిల్లల్ని కొంగ తెస్తుంది. మాకు మా అత్తగారు తెచ్చింది తొమ్మిది సంచుల సున్నుండలు 😂

నల్లగొండ_పోరడు
అందరు పొడి గురించే మాట్లాడుతున్నరు, నీళ్ళ ముచ్చట ఎవ్వలు ఎత్తుతలేరేంది? సీసాల ముప్పాతిక కంటె ఎక్కువ నీళ్ళే గద. మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి తెల్వనోళ్ళు లేరు. మా తాత జన్మంత నీళ్ళు మంచిగ మరగబెట్టుకొనే తాగిండు, అయినా కాళ్ళు వంకరవొయినయి. మరగబెడితే పురుగు సస్తది గని నీళ్ళల్ల కరిగింది ఏడికి వోతది? నీళ్ళు ఆవిరై ఇంక చిక్కగయితది.

లెక్కల_మాస్టారి_అబ్బాయి
తమ్ముడు అసలు పాయింటు పట్టాడు, నేను వదిలేసింది అదే. 800 మిల్లీలీటర్ల పాలలో సుమారు 720 నీళ్ళు. నీళ్ళలో సీసం 10 పీపీబీ ఉంటే (మన బీఐఎస్ తాగునీటి పరిమితి అదే, డబ్ల్యూహెచ్‌ఓదీ అదే) అక్కడే 7 మైక్రోగ్రాములు దాటుతుంది. పొడి నుంచి వచ్చేది 0.4. కవలల_తల్లి, మీ బిల్డింగ్ ఎప్పటిది?

కవలల_తల్లి
1920ల నాటిదంట. నేను కుళాయి వేడినీళ్ళే పట్టి మళ్ళీ మరిగిస్తున్నా, త్వరగా అవుతుందని.

న్యూఆర్క్_మామయ్య
అయ్యో వేడి కుళాయి వద్దమ్మా! వేడినీళ్ళు గొట్టాల్లో సీసాన్ని ఎక్కువ లాగుతాయి. చల్లనీళ్ళే పట్టాలి, రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళు పోనిచ్చి, ఆ తర్వాత పట్టుకుని మరిగించుకోవాలి. అమెరికాలో సీసం గొట్టాలు, సీసం అతుకులు 1986 దాకా వేశారు. మీ పక్కూరే మాది, 2018లో నీళ్ళల్లో సీసం ఎక్కువైందని మా సిటీవాళ్ళు ఇంటింటికీ ఫిల్టర్లు పంచారు, మరుసటి ఏడు ఆగస్టులో బాటిల్ నీళ్ళు పంచారు, ఎండలో లైన్లో నిలబడి భుజాన కేసు మోసుకొచ్చా. తర్వాత వేలకి వేలు గొట్టాలు తవ్వి మార్చారు, మా వీధి కూడా. రాష్ట్రమంతా సీసం లైన్లు పదేళ్ళలో మార్చాలని 2021లో చట్టం కూడా వచ్చింది. మీ నీళ్ళ కంపెనీకి ఫోన్ చేసి మీ అడ్రసుకి సర్వీస్ లైన్ (వీధి నుంచి ఇంట్లోకొచ్చే గొట్టం) దేనితో చేసిందో అడగండి, చెప్తారు. టెస్ట్ చేయించేదాకా ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (నీళ్ళ ఫిల్టర్లకి ఒక ప్రమాణం) అని రాసుండి, కింద సీసం తగ్గిస్తుందని కూడా రాసున్న ఫిల్టర్ కొనండి. ఆ రెండో ముక్క లేకపోతే అది సీసానికి పనికొస్తుందని నమ్మడానికి లేదు.
ఇంకోటి, కుళాయి మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, తిప్పితే ఊడొస్తుంది. ఒకసారి తీసి చూడండి.

ఏలూరు_కుర్రాడు
మా ఊరి సంగతి అందరికీ తెలుసు కదా, 2020 డిసెంబరు. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోవడం, వందల మంది. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత పురుగుమందుల అవశేషాలు అన్నారు. మా అక్క కూతురికి అప్పుడు ఎనిమిది నెలలు, డబ్బా పాలే. నీళ్ళా, పాలా, కూరలా ఏదో తెలీదు, మా బావ బండి మీద పక్క ఊరెళ్ళి క్యాన్లు తెచ్చేవాడు పాలు కలపడానికి. అక్క ఒక్కో సీసా కలిపి ముందు తను చప్పరించి అరగంట ఆగి పట్టేది. పాప ఆకలికి అరిచేది. తెలీకపోవడం ఎంత భయమో అప్పుడు చూశా. అందుకే కవలల_తల్లి గారూ, టెస్ట్ చేయించుకోండి, ఏదో ఒక అంకె చేతిలో ఉంటే మనిషి నిలబడతాడు.

సీతక్క_కూకట్‌పల్లి
మేం ఆర్వో నీళ్ళే వాడాం. ఆర్వో సీసం, ఆర్సెనిక్ చాలా వరకు ఆపుతుంది, కానీ మెంబ్రేన్ టైముకి మార్చాలి, మా పక్కింటివాళ్ళది నాలుగేళ్ళయింది మార్చి. ఆర్వో అయినా మరిగించాల్సిందే, పొడిలో కూడా సూక్ష్మక్రిములు ఉండొచ్చు, 70 డిగ్రీలకి తగ్గని నీళ్ళతో కలిపి చల్లార్చి పట్టమని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్తుంది.

బామ్మ_మాట
ఇవన్నీ చదివి మా ఉగ్గుగిన్నె తీసి చూశాను. మా అమ్మమ్మ నాటిది, ఇత్తడి, లోపల కళాయి. మా మనవడికి రేపు నెలలో ఉగ్గు మొదలుపెట్టాలి. ముక్కు అతికిన చోట నల్లటి ముద్దలా ఉంది, గోరుతో గీస్తే మెత్తగా గీత పడుతోంది. ఇది ఏమిటి కోటు తల్లీ?

ల్యాబ్_కోటు
బామ్మగారూ అది పక్కన పెట్టెయ్యండి. గోరుకి గీత పడే అతుకంటే తగరం, సీసం కలిపిన టంకం అయ్యే అవకాశం ఎక్కువ. పాత కళాయిలో కూడా తగరంతో పాటు సీసం కలిపేవాళ్ళు. షోకేసులో పెట్టుకోండి, ఉగ్గుకి మంచి వెండిదో, స్టీలు గిన్నో చాలు.
మన ఇళ్ళలో డబ్బా కంటే ఇవే పెద్ద దారులు చాలాసార్లు. బజారు కాటుక, సింధూరం, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు, లోహ భస్మాలున్న నాటు మందులు. 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఇక్కణ్ణుంచి వెళ్ళే కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిందాలియం గిన్నెల్లోంచి సీసం దిగుతోందని హెచ్చరించింది. పాలకి నీళ్ళు మరిగించే గిన్నె ఏదో చూసుకోండి ముందు. స్టీలే వాడండి.

బామ్మ_మాట
పెట్టేశాను తల్లీ. మా అమ్మ నాకు దాంతోనే పట్టింది. తీసి పక్కన పెడుతుంటే మనసు ఒకలా అయింది, కానీ వాడి కంటే ఎక్కువ కాదు.

గోదారి_పిల్ల
బామ్మగారూ 🙏 మా ఇంట్లోదీ ఇప్పుడే అటకెక్కించా. కాటుక ఇంట్లో ఆముదం దీపంతో పట్టింది అయినా వద్దా?

పాపాయి_నర్సు
సీసం ఉండకపోవచ్చు, కానీ కంట్లో పెట్టకండి, ఇన్ఫెక్షన్లు చూస్తున్నా. అరికాల్లో దిష్టి చుక్క పెట్టుకోండి కావాలంటే.
ఐరన్ గురించి ఒక మాట, ఒంట్లో ఐరన్ తక్కువున్న పిల్లలు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటారు. కవలల_తల్లి, మీవాళ్ళు నెల ముందు పుట్టారు కాబట్టి ఐరన్ చుక్కల సంగతి డాక్టర్ని తప్పకుండా అడుగు. ఐరన్ తక్కువ ఉన్న ఫార్ములాకి మారకు.

డల్లాస్_నాన్న
ఇండియా నుంచి మా అమ్మ డబ్బాలు తెస్తానంటోంది, అవి బెటరా? యూరప్‌వి ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు కూడా ఉన్నారు మా అపార్ట్‌మెంట్‌లో.

పాపాయి_నర్సు
తెచ్చుకున్నా స్కూపు మాత్రం కలపొద్దు బాబూ. అమెరికా డబ్బాలో మామూలుగా ఒక స్కూపుకి 60 మిల్లీలీటర్లు, ఇండియా డబ్బాలో 30. ఈ స్కూపు ఆ డబ్బాలో వేసి పాలు చిక్కగానో పలచగానో అయి, జబ్బుచేసి వచ్చిన పిల్లల్ని చూశాం. ఇక ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మేది ఎండలో ఎన్నాళ్ళుందో తెలీదు, రీకాల్ వస్తే మీకు చెప్పేవాడు ఉండడు.

డల్లాస్_నాన్న
స్కూపు తేడా ఇప్పుడే తెలిసింది. అమ్మకి వద్దని చెప్పేశా. ముందు క్లోజ్ ద థ్రెడ్ అన్నందుకు సారీ అక్కా.

కవలల_తల్లి
మూడు వారాలైంది, మళ్ళీ వచ్చా. అందరూ చెప్పినవి ఒక్కోటీ చేశాను.
మామయ్యగారు చెప్పారని ఆ రాత్రే మా ఆయన వంటగది కుళాయి జల్లెడ విప్పాడు. అరచేతిలో దులిపితే బూడిదరంగు నలకలు, ఇసకలా, ఒకటి రెండు మెరుస్తున్నాయి. ఇద్దరం మాట్లాడుకోలేదు కాసేపు. టెస్టుకి రెండు సీసాలు పంపాం, పొద్దున్నే మొదటి నీళ్ళు ఒకటి, ఐదు నిమిషాలు వదిలాక ఒకటి. మొదటిదాంట్లో 11 పీపీబీ, రెండోదాంట్లో 2. లెక్కల మాస్టారి అబ్బాయి గారి లెక్క నేనే వేసుకున్నా, పొద్దుటి నీళ్ళే రోజంతా వాడుంటే ఒక్కొక్కళ్ళకి 8 మైక్రోగ్రాములు. నేను నిద్ర మానుకుని చదివిన డబ్బా వల్ల 0.4.
ఇంటి ఓనర్‌కి రిపోర్టు పంపితే ఇన్నేళ్ళుగా ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదే అన్నాడు. వదల్లేదు, నీళ్ళ కంపెనీవాళ్ళకి రాశాం, లైను చూడటానికి వస్తామన్నారు. ఫిల్టర్ పెట్టాం, కింద సీసం అని రాసుందో లేదో షాపులో నిలబడి చదివే కొన్నా. డాక్టరుగారికి రిపోర్టు చూపిస్తే ఈసారి ఒక్క ముక్కలో తేల్చలేదు, ఇద్దరికీ రక్తం తీయించారు. సీసం ఒకడికి 1.1, ఒకదానికి 1.4, కోటు గారు చెప్పిన ఆ 3.5 లెక్కలోనే. మళ్ళీ ఆర్నెల్లకి చూద్దామన్నారు, ఏడాదికి మామూలుగా చేసే టెస్టు ఎలాగూ ఉంటుంది. ఐరన్ చుక్కలు మొదలుపెట్టారు. డబ్బా మార్చలేదు. కంపెనీకి లాట్ నంబరుతో మెయిల్ పెట్టా, ఇంకా జవాబు రాలేదు, మళ్ళీ పెడతా.

నల్లగొండ_పోరడు
సల్లగుండక్కా. పోరలిద్దరు సల్లగుండాలె.

బామ్మ_మాట
చంటివాళ్ళకి నా ఆశీస్సులు. రాత్రి పాలకి నీళ్ళు పగలే, కుళాయి కాసేపు వదిలాక పట్టి మూతపెట్టి ఉంచుకో తల్లీ, రెండింటికి లేచి కుళాయి ఐదు నిమిషాలు వదలక్కర్లేదు.

కవలల_తల్లి
అదే చేస్తున్నా బామ్మగారూ, స్టీలు బిందెలో 🙂

అర్ధరాత్రి_డైపర్
ఇప్పుడే మా కుళాయి జల్లెడ తీశా. మాది 1958 బిల్డింగ్. ఆ టెస్ట్ కిట్ ఎక్కడ తెప్పించుకున్నావో చెప్పమ్మా, సరదాకి కాదు.

కవలల_తల్లి
మా నీళ్ళ కంపెనీకి ఫోన్ చేసి అడిగా, టెస్టుకి ఒప్పుకున్న ల్యాబుల లిస్టు ఇచ్చారు. మీ దగ్గరా అడుగు. సీసా నింపే ముందు ఆరు గంటలు కుళాయి తిప్పకూడదు, అది మర్చిపోకు. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు.